యుద్ధనౌకల మీద పెట్టిన రూపాయి ఎక్కడ ఆగుతోంది? – విశాఖలో ఇచ్చిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి కూర్చోండమ్మా, ముందు వరసలు ఖాళీగానే ఉన్నాయి, ఇది పది నిమిషాల్లో తేలే విషయం కాదు.

నేను ఎకనామిక్స్ చెప్పే మాస్టార్ని. ఇవాళ మాట్లాడేది మన సింధియా దగ్గరున్న షిప్‌యార్డ్ గురించి, అలాంటి షిప్‌యార్డుల్లో ప్రభుత్వం నేవీ ఓడల కోసం పెట్టే డబ్బు గురించి. 2023 ఆగస్టు 25న రక్షణ శాఖ ఆ యార్డ్‌తో, అంటే హిందుస్థాన్ షిప్‌యార్డ్‌తో ఐదు ఫ్లీట్ సపోర్ట్ షిప్పులకి కాంట్రాక్ట్ సంతకం చేసింది, విలువ సుమారు 19,000 కోట్లు. ఒక్కో ఓడ 44,000 టన్నులు. నడిసముద్రంలో యుద్ధనౌకలకి ఆయిల్, నీళ్లు, మందుగుండు, తిండి సామాను అందించే ఓడలివి. 2024 ఏప్రిల్‌లో మొదటి స్టీలు ప్లేటు కోసి పని మొదలుపెట్టారు. ఆ కాంట్రాక్ట్ వార్త వచ్చినప్పట్నించి ఎవర్ని కదిపినా విశాఖకి 19 వేల కోట్లు వచ్చేశాయి అంటున్నారు. నాకూ సంతోషమే, కానీ లెక్క చూద్దాం, విశాఖకి ఎంత వచ్చింది, ఎవరి చేతికి వచ్చింది, ఎన్నాళ్లు ఉంటుంది అని.

ప్రభుత్వమే ఒక అంకె ఇచ్చింది. ఈ ఐదు ఓడల వల్ల ఎనిమిదేళ్లలో 168.8 లక్షల పనిదినాలు దొరుకుతాయని. వినడానికి చాలా పెద్దగా ఉంది కదా. ఏడాదికి 300 రోజుల పని అనుకోండి, ఎనిమిదేళ్లకి 2,400 రోజులు, భాగిస్తే సుమారు 7,000 మందికి ఎనిమిదేళ్లపాటు పని. మంచిదే, 7,000 కుటుంబాలంటే తక్కువేం కాదు. ఇప్పుడు ఇంకో భాగహారం చేయండి, 19,000 కోట్లని ఆ 168.8 లక్షలతో. ఒక్కో పనిదినానికి 11,000 రూపాయల పైచిలుకు వస్తుంది. మన షిప్‌యార్డ్‌లో ఏ ఫిట్టరూ ఏ వెల్డరూ రోజుకి 11,000 ఇంటికి తీసుకెళ్లడు. పదిహేనొందలు అనుకున్నా ఖర్చులో ఏడో వంతు కూడా కూలి కాదు. మరి మిగతాది? స్టీలు, ఇంజన్లు, జనరేటర్లు, పంపులు, కేబుళ్లు, వాల్వులు, రాడార్లు, డిజైన్ ఫీజులు, బ్యాంకు గ్యారంటీలు, యార్డ్ ఓవర్‌హెడ్లు, లాభం. అంటే ఓడ ఎక్కడ కడుతున్నారు అన్నది ఒక ప్రశ్న, ఆ ఓడలోకి ఎక్కే సామాను ఎక్కడ తయారవుతోంది అన్నది ఇంకో ప్రశ్న, డబ్బు లెక్కలో రెండో ప్రశ్నే పెద్దది.

కాలవల కింద వ్యవసాయం చేసిన ఇళ్ల వాళ్లు ఇక్కడ చాలామంది ఉంటారు. డ్యామ్ దగ్గర ఎన్ని క్యూసెక్కులు వదిలారో పేపర్లో వేస్తారు, చివరి ఆయకట్టు రైతు మాత్రం తన మడిలోకి ఎంత వచ్చిందో చూసుకుంటాడు. నేను ఇవాళ ఆ చివరి ఆయకట్టు లెక్కే చూస్తున్నాను.

నేవీ వాళ్లు ఓడని మూడు ముక్కలుగా చూస్తారు. ఫ్లోట్, మూవ్, ఫైట్ అంటారు. తేలడానికి కావాల్సినవి, అంటే హల్లు అనే ఓడ డొల్ల, స్టీలు, పైపులు, పెయింటు, దాదాపు అన్నీ మన దేశంలోనే దొరుకుతున్నాయి, సుమారు 90 శాతం అని వాళ్ల మాట. కదలడానికి కావాల్సినవి, ఇంజన్లు గేర్‌బాక్సులు షాఫ్టులు, అక్కడ 60 శాతం చుట్టూ. పోరాడటానికి కావాల్సినవి ఇంకా తక్కువ. ఈ మూడింట్లో ఖరీదైనవి చివరి రెండూ. చవకైన భాగంలో మనం బలంగా ఉన్నాం, ఖరీదైన భాగంలో డబ్బు బయటికి పోతోంది.

దీనికి మన ఊరి పేరున్న ఓడే ఉదాహరణ. ఐఎన్ఎస్ విశాఖపట్నం, 2021 నవంబర్ 21న నేవీలో చేరింది, 7,400 టన్నుల డిస్ట్రాయర్ రకం యుద్ధనౌక. కట్టింది ముంబై మజగావ్ డాక్‌లో. పేరు మనది, జీతాలు ముంబైలో. అది తప్పని నేననను, దేశంలో ఎక్కడ కట్టినా దేశానికే. కానీ దాన్ని నడిపే ఇంజన్లు, అంటే గ్యాస్ టర్బైన్లు, నాలుగూ ఉక్రెయిన్‌లో మైకొలాయివ్ అనే ఊళ్లో ఉన్న జోర్యా ఫ్యాక్టరీవి. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలయ్యాక ఆ ఊరి మీదే గుండ్లు పడ్డాయి. డిస్ట్రాయర్‌కి కావాల్సిన ప్రాణం లాంటి వస్తువు, దాని స్పేర్లు ఎక్కడో యుద్ధం జరుగుతున్న ఊళ్లో ఉన్నాయంటే అది డబ్బు బయటికి పోవడం కంటే పెద్ద సమస్య.

ఇప్పుడు దీనికి ఎదురు కథ చెప్తాను, ఇది నాకు చాలా ఇష్టమైన కథ, మన హైదరాబాద్‌తో ముడిపడిన కథ. ఐఎన్ఎస్ విక్రాంత్ మనం కట్టుకున్న మొదటి విమాన వాహక నౌక, కొచ్చిలో కట్టారు. దానికి స్టీలు రష్యా నుంచి వస్తుందనుకున్నారు, అది సమయానికి రాలేదు. అలాంటి స్టీలు మామూలు స్టీలు కాదు, చల్లటి నీళ్లలో పేలుడు దెబ్బ తగిలినా పెళుసుగా పగలకూడదు, అదే సమయంలో యార్డ్‌లో వెల్డింగ్‌కి లొంగాలి. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో డీఎంఆర్ఎల్ అని లోహాల మీద పనిచేసే డీఆర్డీవో ల్యాబ్ ఉంది, వాళ్లు ప్రభుత్వ స్టీలు కంపెనీ సెయిల్‌తో, నేవీతో కూర్చుని డీఎంఆర్ 249 అనే గ్రేడు తయారుచేశారు. హల్లుకి 249ఏ, విమానాలు దిగే డెక్కుకి 249బి. విక్రాంత్‌కి సెయిల్ ఇచ్చింది సుమారు 30,000 టన్నులు, బొకారో, భిలాయ్, రూర్కెలా ప్లాంట్ల నుంచి. ఆ స్టీలుకి సరిపడే వెల్డింగ్ రాడ్లు కూడా ఇక్కడే తయారుచేసుకోవాల్సి వచ్చింది. ఒకసారి అది చేతికొచ్చాక తర్వాత కట్టిన కమోర్తా తరగతి కార్వెట్లనే చిన్న యుద్ధనౌకలకి, డిస్ట్రాయర్లకి, ఫ్రిగేట్లకి అన్నిటికీ అదే స్టీలు. ఒక ఓడ కోసం పెట్టిన రీసెర్చ్ ఖర్చు పది ఓడలకి పనికొచ్చింది, ఎకనామిక్స్‌లో మేం స్పిల్ఓవర్ అంటాం.

విక్రాంత్ ఖర్చు సుమారు 20,000 కోట్లు, 2022 సెప్టెంబర్ 2న నేవీలో చేరింది. దేశీయ వాటా 76 శాతం అన్నారు, ఖర్చులో 80 నుంచి 85 శాతం మన ఎకానమీలోకే తిరిగొచ్చిందని నేవీ లెక్క. కొచ్చిన్ షిప్‌యార్డ్‌లో 2,000 మంది, బయట సప్లయర్ల దగ్గర 12,500 మంది దాకా పనిచేశారు. చూడండి, యార్డ్ లోపల ఒక్కరికి బయట ఆరుగురు. గేర్‌బాక్సులు గుజరాత్‌లో ఎలెకాన్ చేసింది. ఓడ కొచ్చిలో ఉంది కానీ పని దేశమంతా పరుచుకుంది, అందుకే ఏ ఊరివాళ్లూ మొత్తం ఖర్చంతా మాకే అనుకోవడానికి లేదు. మన ఫ్లీట్ సపోర్ట్ షిప్పుల్లోనే చూడండి, ఐదింట్లో రెండిటి నిర్మాణం చెన్నై దగ్గర కట్టుపల్లిలో ఎల్ అండ్ టీ యార్డ్‌కి ఇచ్చారు. గడువులోపు ఇవ్వాలంటే అది సరైన పనే అని నా అభిప్రాయం, అయితే విశాఖకి 19 వేల కోట్లు అనే మాటలోంచి అదీ తీసేయాలి.

సరే, ఇప్పుడు అసలు నేను చెప్పాలనుకున్న దానికి వస్తాను. ఎంత ఆర్డర్ వచ్చింది అని అందరూ అడుగుతారు, ఈ ఆర్డర్‌కీ తర్వాతి ఆర్డర్‌కీ మధ్య ఎంత ఖాళీ ఉంటుంది అని ఎవరూ అడగరు. షిప్‌యార్డుల్ని చంపేది ఆ ఖాళీయే.

ఒక వెల్డర్ని తీసుకోండి. యుద్ధనౌక హల్లు మీద చేతికొచ్చినట్టు వెల్డింగ్ చేయనివ్వరు. ముందు టెస్ట్ ప్లేటు మీద చేయిస్తారు, ఫ్లాట్‌గా ఒకటి, నిలువుగా ఒకటి, తలమీద చేసే ఓవర్‌హెడ్ ఒకటి, ఓవర్‌హెడ్ అన్నిటికంటే కష్టం, నిప్పురవ్వలు మెడలో పడుతుంటాయి. ఆ ప్లేటుకి ఎక్స్‌రే తీస్తారు, ముక్కలు కోసి వంచి చూస్తారు, లోపల చిన్న గాలిబుడగ వరస కనబడినా ఫెయిల్. ఓడల నాణ్యత పరీక్షించే సంస్థ మనిషి, క్లాస్ సర్వేయర్ అంటారు, ఎదురుగా నిలబడి చూస్తాడు. పాసైతే సర్టిఫికెట్. అసలు విషయం ఇక్కడుంది, ఆ ప్రాసెస్‌లో ఆరు నెలలు వెల్డింగ్ చేయకుండా ఉంటే ఆ క్వాలిఫికేషన్ చెల్లదు, మళ్లీ మొదట్నించీ టెస్ట్. అంటే ఆర్డర్ లేకుండా యార్డ్ ఆరు నెలలు ఖాళీగా కూర్చుంటే కాగితం మీదే నైపుణ్యం పోయినట్టు. రెండేళ్లు ఖాళీ అయితే మనిషే ఉండడు, గల్ఫ్ వెళ్తాడు, జామ్‌నగర్ రిఫైనరీ షట్‌డౌన్ పనులకి వెళ్తాడు, వెళ్లినవాడు రమ్మంటే రాడు. మల్కాపురం, శ్రీహరిపురం వైపు ఇలాంటి ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

దేశం స్థాయిలో దీని కంటే చేదు ఉదాహరణ సబ్‌మెరైన్లది. 1981లో జర్మనీతో ఒప్పందం, రెండు అక్కడ కట్టి రెండు మజగావ్ డాక్‌లో కట్టాలి. మనవాళ్లు అక్కడికెళ్లి నేర్చుకున్నారు, నీటి ఒత్తిడి తట్టుకోవాల్సిన ప్రెషర్ హల్ అనే డొల్ల వెల్డింగ్ నేర్చుకోవడమంటే ఆషామాషీ కాదు. ఐఎన్ఎస్ శల్కి 1992లో, శంకుల్ 1994లో వచ్చాయి. తర్వాత ఆ ఒప్పందం చుట్టూ అవినీతి ఆరోపణలు, ఇంకో ఆర్డర్ లేదు. నేర్చుకున్నవాళ్లు వేరే పనుల్లోకి పోయారు, రిటైర్ అయ్యారు. మళ్లీ స్కార్పీన్ అనే సబ్‌మెరైన్ల కాంట్రాక్ట్ 2005లో, మొదటిదైన కల్వరి చేరింది 2017 డిసెంబర్‌లో. ముందు అనుకున్నది 2012. శంకుల్ నుంచి కల్వరి దాకా 23 ఏళ్లు. ఒకసారి ఫీజు కట్టి నేర్చుకున్న చదువుకి రెండోసారి ఫీజు కట్టాం. ఇది మన ఒక్కళ్ల కర్మ కాదు, బ్రిటన్‌లో బ్యారో అనే ఊరు సబ్‌మెరైన్ల మీదే బతుకుతుంది, 1990ల్లో వ్యాన్‌గార్డ్ సబ్‌మెరైన్ల పని తగ్గి ఆస్ట్యూట్ పని సరిగ్గా మొదలయ్యేలోపు వేలాది ఉద్యోగాలు పోయాయి, ఆ తర్వాత డిజైన్ దగ్గరే ఇరుక్కుపోతే అమెరికా ఎలక్ట్రిక్ బోట్ కంపెనీ సాయం తెచ్చుకోవాల్సి వచ్చింది.

మన యార్డ్ చరిత్ర కూడా ఇదే. వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ తరఫున మొదలుపెట్టాడు, 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు, మరుసటి ఏడాదే జపాన్ వాళ్లు విశాఖ మీద బాంబులేశారు. అయినా 1948 మార్చి 14న జల ఉష నీళ్లలోకి దిగింది, నెహ్రూ వచ్చి దింపారు. 1952లో ప్రభుత్వం మూడింట రెండొంతులు తీసుకుంది, 1961లో పూర్తిగా. 200 పైగా ఓడలు కట్టిన యార్డ్ ఇది. అయినా ఏళ్లకేళ్లు నష్టాలు. ఎందుకు? కారణాలు చాలా ఉన్నాయి, యాజమాన్యం తప్పులున్నాయి, పాత మిషన్లున్నాయి, సింధుకీర్తి సబ్‌మెరైన్ రిఫిట్ కోసం, అంటే మొత్తం విప్పి చేసే పెద్ద రిపేరు కోసం, 2006లో లోపలికెళ్లి 2015లో గానీ బయటికి రాలేదు. వీటన్నిటి కింద ఒక కారణం ఉంది, నాలుగేళ్లు ఊపిరాడని పని, తర్వాత నాలుగేళ్లు ఖాళీ, ఖాళీ ఉన్నప్పుడు కూడా జీతాలు, కరెంటు, పూడిక తీసే డ్రెడ్జింగ్ ఆగవు. 2010లో రక్షణ శాఖ కిందకి మార్చాక నెమ్మదిగా పుంజుకుంది, 2025 జూలైలో ఐఎన్ఎస్ నిస్తార్ అనే డైవింగ్ సపోర్ట్ ఓడ ఇక్కడే కట్టి ఇక్కడే నేవీకి ఇచ్చారు, అందులో 120 ఎంఎస్ఎంఈలు, అంటే చిన్న, మధ్యతరహా కంపెనీలు, పాలుపంచుకున్నాయని ప్రకటన.

ఆ ఎంఎస్ఎంఈ మాట దగ్గర ఒక నిమిషం ఆగాలి. గాజువాక ఆటోనగర్‌లో ఒక షెడ్డు ఊహించుకోండి. పదిమంది పనివాళ్లు, రెండు వెల్డింగ్ సెట్లు, ఒక పైపు బెండింగ్ మిషను. యార్డ్ నుంచి 10 లక్షల పైపు పని వచ్చింది. పైపు ముందు డబ్బిచ్చి కొనాలి, బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు మీద వడ్డీ నడుస్తుంటుంది, పనివాళ్లకి శనివారం కూలి ఇవ్వాలి. సరుకు వెళ్లింది, ఇన్‌స్పెక్షన్‌కి రెండు వారాలు, రెండు వెల్డింగులు బాలేదన్నారు, సరిచేసి పంపాడు, బిల్లు పెట్టాడు. చట్టం ప్రకారం 45 రోజుల్లో డబ్బు రావాలి, 2006 ఎంఎస్ఎంఈడీ యాక్ట్‌లో ఉంది. 45 రోజుల్లో వస్తే అతనికి లక్షో లక్షన్నరో మిగులుతుంది, ఇంకో మనిషిని పెట్టుకుంటాడు. అదే ఆరు నెలలైతే ఆ మిగిలేది సగం వడ్డీకే పోతుంది, మళ్లీ యార్డ్ పని అడగడు, ఫార్మా కంపెనీల పని చూసుకుంటాడు. పెట్టిన రూపాయి చేతులు మారి ఎన్ని రూపాయల ఆదాయం అవుతుందో చెప్పే మల్టిప్లయర్ అని మేం క్లాసులో బోర్డు మీద రాసే సూత్రం ఆటోనగర్‌లో ఈ బిల్లు ఎన్ని రోజులకి వచ్చింది అన్న చోట తేలుతుంది. దేశంలో ఏ ప్రభుత్వ యార్డ్ అయినా సరే మూణ్ణెల్లకోసారి మా దగ్గర చిన్న వెండర్లకి సగటున ఎన్ని రోజుల్లో డబ్బిచ్చాం అని బోర్డు పెడితే, పేపర్లో వచ్చే వేల కోట్ల హెడ్డింగ్ కంటే ఆ బోర్డే నాకు ఎక్కువ చెప్తుంది.

పనిచేసేవాళ్లలో కూడా తేడా ఉంది. షిప్‌యార్డుల్లో పర్మినెంట్ వాళ్లు తగ్గుతూ వచ్చారు, చాలా పని కాంట్రాక్టర్ల కింద ఉన్నవాళ్లే చేస్తున్నారు. 2020 ఆగస్టు 1న మన యార్డ్‌లో క్రేన్ లోడ్ టెస్ట్ జరుగుతుండగా కూలిపోయి 11 మంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది బయటి కాంట్రాక్ట్ సంస్థల తరఫున వచ్చినవాళ్లు. ఆ పేర్లు ఆ ఇళ్లకి తప్ప ఎవరికీ గుర్తులేవు. పనిదినాల అంకె చెప్పేటప్పుడు వాటిల్లో పీఎఫ్ ఉన్నవి ఎన్ని, ఈఎస్ఐ ఉన్నవి ఎన్ని అని కూడా చెప్పాలి, అదీ ఆర్థిక ప్రభావమే.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. కేవలం ఉద్యోగాల కోసమే అయితే యుద్ధనౌకలు కట్టడం మంచి దారి కాదు. కోటి రూపాయలకి ఎంతమందికి పని అని చూస్తే స్కూలు బిల్డింగులు, ఆస్పత్రులు, చెరువు పనులు ముందుంటాయి, ఎందుకంటే అక్కడ కూలి వాటా ఎక్కువ, దిగుమతి తక్కువ. నేవీ ఓడ దేశానికి కావాలి కాబట్టి కట్టాలి, 11,000 కిలోమీటర్ల పైగా తీరం ఉంది, మనం బయట్నించి కొనే ఆయిల్ దాదాపు అంతా సముద్రం మీదే వస్తోంది. ఎలాగూ కొనక తప్పదు అన్నప్పుడు ఆ డబ్బుతో దేశంలో ఏం నిలబెట్టుకోవచ్చు అన్నదే సరైన ప్రశ్న. ఉద్యోగాల పేరు చెప్పి రక్షణ ఖర్చుని సమర్థించేవాళ్లతో నేను ఏకీభవించను.

నిలబెట్టుకోవడం అంటే ఏంటో కొచ్చిన్ చూపించింది. విక్రాంత్ కట్టిన యార్డే నార్వేకి డ్రైవర్ లేకుండా నడిచే ఎలక్ట్రిక్ ఫెర్రీలు కట్టి పంపింది. కోల్‌కతా జీఆర్ఎస్ఈ యార్డ్ జర్మన్ కంపెనీకి సరుకు ఓడలు కడుతోంది. ప్రపంచంలో వాణిజ్య ఓడల నిర్మాణంలో 90 శాతం పైగా చైనా, కొరియా, జపాన్‌దే, మన వాటా ఒక్క శాతం కూడా లేదు. నేవీ ఆర్డర్ మీదే కూర్చున్న యార్డ్‌కి ధర తగ్గించే అలవాటు రాదు, బయటి కస్టమర్ ఒక్కడున్నా వస్తుంది. 2025 సెప్టెంబర్‌లో కేంద్రం షిప్‌బిల్డింగ్‌కి 69,725 కోట్ల ప్యాకేజీ ఒప్పుకుంది. అది నేవీ ఆర్డర్ల మధ్య ఖాళీని పూడ్చడానికి వాడితే బాగుంటుంది.

రిపేర్లని కూడా మర్చిపోకూడదు. ఓడ 30 ఏళ్లు నడుస్తుంది, ఆ కాలమంతా నడపడానికి, రిఫిట్లకి, స్పేర్లకి అయ్యే ఖర్చు చాలాసార్లు కొన్న ధరని దాటిపోతుంది. తూర్పు నౌకాదళం ఇక్కడే ఉంది, నేవల్ డాక్‌యార్డ్ ఇక్కడే ఉంది. కొత్త ఓడ వార్త అవుతుంది, రిఫిట్ వార్త అవ్వదు, కానీ ఏడాది పొడవునా ఆటోనగర్‌కి పని ఇచ్చేది రిఫిటే.

ఇంక మీరు అడగండి.

(సభలోంచి: సార్, మన పక్కనే స్టీల్ ప్లాంట్ ఉంది కదా, షిప్‌యార్డ్‌కి స్టీలు అక్కడ్నుంచే ఎందుకు రాదు? ఇక్కడే తయారుచేస్తే రెండూ బాగుపడతాయి కదా?)

చాలా మంచి ప్రశ్న బాబూ, అందరి మనసులో ఉన్నదే. వైజాగ్ స్టీల్ చేసేది లాంగ్ ప్రొడక్ట్స్, కడ్డీలు, వైర్ రాడ్లు, యాంగిళ్లు, ఛానళ్లు. ఓడకి కావాల్సింది వెడల్పాటి ప్లేట్లు. దానికి స్లాబులు, అంటే మందపాటి స్టీలు పలకలు, పోయాలి, ప్లేట్ మిల్ ఉండాలి, అవి అక్కడ లేవు. పెడితే? లెక్కేద్దాం. రూర్కెలాలో సెయిల్ పెట్టిన కొత్త ప్లేట్ మిల్ ఏడాదికి 10 లక్షల టన్నులది. మన ఐదు ఓడల మొత్తం బరువు, లోపలి ఆయిల్ నీళ్లతో సహా, 2.2 లక్షల టన్నులు, అదీ ఎనిమిదేళ్లలో, అందులో స్టీలు ఇంకా తక్కువ. అంటే ఐదు ఓడల స్టీలు ఆ మిల్లుకి మూణ్ణెల్ల పని కూడా కాదు. షిప్‌యార్డ్ ఒక్కదాని కోసం ప్లేట్ మిల్ నిలబడదు, వంతెనలు, బాయిలర్లు, విండ్ టవర్లు, ఆయిల్ ట్యాంకులు, వాణిజ్య ఓడలు అన్నీ కలిపి గిరాకీ చూపించగలిగితే అప్పుడు మాట్లాడొచ్చు. స్టీల్ ప్లాంట్‌ని కాపాడుకోవాలి అన్నదాంట్లో నాకు రెండో అభిప్రాయం లేదు, కానీ షిప్‌యార్డ్ పేరు చెప్పి కాపాడలేం.

(ఒక విద్యార్థిని: సార్, నేను నావల్ ఆర్కిటెక్చర్ చదువుతున్నాను. ఈ ఐదు ఓడలు అయిపోయాక మళ్లీ ఖాళీ వస్తుందా?)

వచ్చే ప్రమాదం ఉందమ్మా. ఓడ పని అంతా ఒకేసారి ఆగదు, ముందు డిజైన్ వాళ్లకి తగ్గుతుంది, తర్వాత ప్లేటు కోసేవాళ్లకి, బ్లాకు వెల్డర్లకి, చివరికి ఎలక్ట్రికల్, ట్రయల్స్ వాళ్లకి. అంటే ఐదో ఓడ నీళ్లలోకి దిగే చాలా ముందే మీ డిజైన్ ఆఫీసు ఖాళీ అవుతుంది. 2025 అక్టోబర్‌లో రక్షణ కొనుగోళ్లకి ఆమోదం ఇచ్చే డిఫెన్స్ అక్విజిషన్ కౌన్సిల్, సైనికుల్ని ఒడ్డుకి దింపే ల్యాండింగ్ ప్లాట్‌ఫామ్ డాక్ ఓడలకి ప్రాథమిక ఆమోదం ఇచ్చింది, పెద్ద ఓడలు, మన యార్డ్ సైజుకి సరిపోయేవి. కానీ ఆమోదం వేరు, సంతకం వేరు. మధ్యలో టెండర్ పిలవాలి, బిడ్లు రావాలి, ధర తేలాలి, ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి, ఏళ్లు పడుతుంది, ఎవరికి దక్కుతుందో కూడా టెండర్‌లోనే తేలాలి. మన ఎంపీలు, ఎమ్మెల్యేలు, యూనియన్లు ఇంకో పెద్ద ప్రాజెక్టు కావాలని అడగడం కంటే ఆ సంతకం ఏ నెలలో అవుతుందని అడగాలి, అదే ప్రతి సమావేశంలో అడగాలి. ఈలోపు మీరు చదువుతో పాటు ఒక వేసవి రిఫిట్ పని జరిగేచోట ఇంటర్న్‌షిప్ చేయండి, కొత్త ఓడలు ఆగినా ఆ విభాగం ఆగదు.